రూపాయి బిళ్ళకు పట్టని తుప్పు

పాలకొల్లులో ఒక రిపేరు కొట్టు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. లోపల మా ఇంటి వాషింగ్ మెషిను వెల్లకిలా పడుకుని ఉంది. మెకానిక్కు బయటి ప్లాస్టిక్ తొట్టిని రెండు చెక్కలుగా విడదీశాడు. లోపలి స్టీలు డ్రమ్ముకీ ఆ తొట్టికీ మధ్య ఏళ్ళ తరబడి పేరుకున్న బూడిదరంగు జిగురును అట్టముక్కతో గీకి, పాత పేపరు మీద వేశాడు. అందులోంచి ఒక్కొక్కటే ఏరి నా ముందు పెట్టాడు. రెండు రూపాయి బిళ్ళలు, ఒక పిన్నీసు, జాకెట్టు హుక్కులు రెండు, నరసాపురం లేసు పోగు ఒకటి.

"ఇవండి మాస్టారూ, లోపల తిరుగుతున్నవి" అన్నాడు.

పిన్నీసును వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కాను. పుటుక్కున విరిగింది. వేళ్ళకు ఎర్రటి పొడి అంటుకుంది. రూపాయి బిళ్ళను కండువా అంచుతో తుడిచాను. నిన్ననే బ్యాంకులోంచి వచ్చినట్టు మెరిసింది. ఆ రెండూ ఎన్నాళ్ళుగా అక్కడ ఉన్నాయో తెలియదు గానీ, నానింది మాత్రం ఆ నీళ్ళల్లోనే, ఆ సబ్బులోనే. రెండింటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే. ఒకటి మట్టయింది, ఒకటి చెక్కు చెదరలేదు. ఆ తేడా ఎక్కడుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను ఆ కొట్టుకు వెళ్ళింది మాత్రం వేరే సమస్యతో. దాని దగ్గరకు తరవాత వస్తాను.

మన రూపాయి బిళ్ళ ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు. నూటికి 83 పాళ్ళు ఇనుము, 17 పాళ్ళు క్రోమియం. రూపాయిని ఈ లోహంతో కొట్టడం 1992లో మొదలైంది. లోహశాస్త్రం వాళ్ళు ఈ రకాన్ని 430 అనే అంకెతో పిలుస్తారు. వాషింగ్ మెషిన్ల లోపలి డ్రమ్ములకు ఎక్కువగా వాడేది కూడా ఈ 430 రకం, లేదా దాని దగ్గరి చుట్టం. అంటే జేబులో బిళ్ళా, అది దొర్లుకుంటూ పోయిన డ్రమ్మూ దాదాపు ఒకే లోహం.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. "అయస్కాంతం అంటుకుంటే అసలు స్టీలు కాదు" అని మన ఇళ్ళల్లో గట్టి నమ్మకం. స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళేటప్పుడు కొంగుకు అయస్కాంతం ముక్క ముడేసుకుని వెళ్ళినవాళ్ళను నేనెరుగుదును. మెషిను కొన్నాక డ్రమ్ముకు అయస్కాంతం అంటుకుందని కొట్టువాడి మీదికి పోట్లాటకు వెళ్ళినవాళ్ళూ ఉన్నారని మెకానిక్కు చెప్పాడు. ఆ పరీక్ష పనికిరాదు. క్రోమియంతో పాటు నికెల్ కలిపిన 304 రకం స్టీలుకు అయస్కాంతం అంటదు. అందులో క్రోమియం సుమారు 18, నికెల్ 8 పాళ్ళు ఉంటాయి. నికెల్ లేని 430కి అంటుతుంది. రెండూ స్టెయిన్‌లెస్సే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవకరకం స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు, తుప్పును తట్టుకోవడంలో మాత్రం అది 304కి దిగదుడుపు. సందేహం ఉంటే ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతాన్ని తీసి ఒక రూపాయి బిళ్ళ దగ్గర పెట్టి చూడండి.

ఇనుము తుప్పు పట్టడమంటే తడి తగిలినచోట గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే. ఆ కలయికలో పుట్టే తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది ఉబ్బి, పొలుసులుగా లేచి, రాలిపోతుంది. రాలినచోట కొత్త ఇనుము బయటపడుతుంది, మళ్ళీ అదే కథ. క్రోమియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఇనుము కంటే ఆత్రంగా కలుస్తుంది. కానీ దానివల్ల ఏర్పడే పొర వేరే తీరుది. పలచగా, దట్టంగా, లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. కంటికి కనబడదు. నీటినీ ఆక్సిజన్‌నూ లోపలికి పోనివ్వదు. మనం స్టీలు మెరుపు అనుకుంటున్నది ఆ పొరలోంచి కనబడే లోహాన్నే.

ఎంత పలచన? రెండు మూడు నానోమీటర్లు. ఈ అంకె ఎవరికీ కంటికి ఆనదు కాబట్టి మా ఊరి కొలతలోకి మార్చుకుందాం. క్షీరారామ లింగేశ్వరుడి గుడి గోపురం 120 అడుగులు. వాషింగ్ మెషిను డ్రమ్ము రేకు సుమారు అర మిల్లీమీటరు. ఆ రేకు మందం గోపురమంత పెరిగిందనుకుంటే, దాని మీది ఈ క్రోమియం పొర రెండు కాగితాలు కలిపినంత మందం తేలుతుంది. అంత గోపురాన్నీ ఎండా వానా తగలకుండా కాపాడుతున్నది రెండు కాగితాలన్నమాట.

మరి గీత పడితే? డ్రమ్ములో ప్యాంటు జిప్పులు, బెల్టు బకిల్సు రోజూ గీస్తూనే ఉంటాయి. కాచిన పాల మీద మీగడను గరిటెతో పక్కకు తీస్తే కాసేపటికి మళ్ళీ కడుతుంది కదా, ఇదీ అంతే. గీసినచోట బయటపడిన క్రోమియం గాలిలోనో నీటిలోనో ఉన్న ఆక్సిజన్‌ను అందుకుని వెంటనే పొర కట్టేస్తుంది. పూత వేసిన వస్తువుకు ఈ గుణం లేదు. ఎనామెల్ డ్రమ్ముకు పెచ్చు లేచిందంటే ఇక అక్కడ తుప్పే, పైగా ఆ పెచ్చు అంచుకు లేసులూ పట్టుచీరల పోగులూ చిక్కుకుంటాయి. ఇంటింటా లేసు అల్లే నరసాపురం పక్కన ఉన్నవాళ్ళకు దాని బాధ వేరే చెప్పక్కర్లేదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు పైనుంచి పూసినదేమీ లేదు. ఎంత లోతుకు గీసినా కొత్త చర్మం పుట్టించే సరుకు లోపలంతా ఉంది.

అయితే ఆ పొర తెగకుండా అల్లుకోవాలంటే క్రోమియం కనీసం 10.5 పాళ్ళయినా ఉండాలి. అంతకు తగ్గితే తాటాకులు చాలని పందిరిలా మధ్యలో సందులు మిగిలిపోతాయి. ఈ లెక్క తేలడానికి మనిషికి దాదాపు వందేళ్ళు పట్టింది. ఆ వందేళ్ళ కథ మొదట్లో మన ఉక్కు కూడా ఉంది.

తెలంగాణలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసలో కరిగించిన ఉక్కుకు పేరు మోసిన ఊరు. ఆ ఉక్కు ముద్దలను కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చి అక్కడే మకాం వేసేవారు. మూసలో పండిన ఇలాంటి దక్షిణాది ఉక్కునే ఐరోపావాళ్ళు వూట్జ్ అన్నారు. ఆ మాటకు మూలం మన 'ఉక్కు' అనే చెబుతారు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు వూట్జ్ మీద మోజుపడ్డాడు. మైకేల్ ఫారడే అప్పటికి ఇంకా విద్యుత్తు జోలికి పెద్దగా పోని యువకుడు. 1819లో వూట్జ్ ముక్కను విశ్లేషించి, దాని రహస్యం ఏమై ఉంటుందా అని స్టోడార్ట్‌తో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం వంటివి ఒక్కొక్కటే కలిపి చూశాడు. వాళ్ళు 1822లో అచ్చువేసిన పరిశోధనలో క్రోమియం కలిపిన ఉక్కు కూడా ఉంది. కానీ కలిపింది నూటికి మూడు పాళ్ళకు మించలేదు. పందిరికి తాటాకులు చాలలేదు. సరిగ్గా అదే రోజుల్లో, 1821లో, ఫ్రాన్సులో పియెర్ బెర్తియే క్రోమియం బాగా దట్టించిన ఇనుమును ఆమ్లాలు కొరకలేకపోతున్నాయని గమనించాడు. కానీ ఆయన చేసిన లోహంలో కర్బనం ఎక్కువై అది పెళుసుగా ఉండేది, పనిముట్లకు లొంగేది కాదు.

చివరికి 1913 ఆగస్టు 13న ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ 12.8 పాళ్ళ క్రోమియం ఉన్న ఉక్కును పోతపోయించాడు. ఆయన వెతుకుతున్నది తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం. సూక్ష్మదర్శిని కింద చూడటానికి ముక్కను ఆమ్లంతో తినిపించబోతే ఆమ్లం దాన్ని ముట్టలేదు. వెనిగరు, నిమ్మరసం పోసినా అంతే. జర్మనీలో క్రుప్ కంపెనీ శాస్త్రజ్ఞులు మౌరర్, స్ట్రాస్ అంతకు ముందు ఏడాదే నికెల్ కలిపిన రకానికి పేటెంటు తీసుకున్నారు. మన కంచాలకూ గ్లాసులకూ పూర్వీకుడు ఆ రకమే.

ఇక మా ఊరు. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీకి పాలకొల్లులో వర్తక కేంద్రం ఉండేది. వాళ్ళకు ఇక్కడ కావలసింది బట్ట. నేత ఒక్కటే అయితే సరిపోదు, అద్దకం నిలవాలన్నా తెల్లబట్ట చలువ తేలాలన్నా నీటి గుణం కుదరాలి, ఉతికే చేతులు కుదరాలి. కోస్తాలో బట్ట వ్యాపారం జరిగిన ప్రతిచోటా నేతగాడి ఇంటికి ఎంత విలువో చాకిరేవుకూ అంత విలువ. ఏ నీళ్ళల్లో ఉతుకుతున్నాం అన్న ప్రశ్న ఈ గడ్డకు పాతది. ఇప్పుడు దాన్ని మెషిను అడుగుతోంది.

నీటి సంగతి ఎత్తే ముందు ఆ డ్రమ్ము ఎంత పని చేస్తుందో చూడాలి, లేకపోతే స్టీలే ఎందుకు కావలసి వచ్చిందో బోధపడదు. తలుపు ముందువైపు ఉండే మెషిను బట్టలు పిండేటప్పుడు నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుందనుకుందాం. డ్రమ్ము వ్యాసం అర మీటరు. అంచు వేగం గంటకు 110 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో డ్రమ్ము గోడకు అతుక్కున్న బట్ట తన బరువుకు నాలుగు వందల రెట్లు బరువైనట్టు గోడను నెడుతుంది. ఐదు కిలోల తడి బట్టలు రెండు టన్నులై అర మిల్లీమీటరు రేకు మీద పడతాయన్నమాట. అదే పై నుంచి బట్టలు వేసే మెషిను 700 చుట్లు తిరిగితే ఆ నెట్టుడు నూట నలభై రెట్ల లోపే. బట్ట ఎంత పొడిగా బయటికొస్తుందన్నది ఈ రెట్లను బట్టే ఉంటుంది. ఎండాకాలం దీనితో పనిలేదు. శ్రావణమాసం ముసురులోనో కార్తీకంలో తుపాను పట్టిన వారంలోనో లుంగీ ఒకటి ఆరడానికి రెండు రోజులు పట్టే మా గోదావరి డెల్టా గాలిలో ఆ తేడా ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ప్లాస్టిక్‌తోనూ డ్రమ్ము చేయవచ్చు, చేస్తున్నారు కూడా. కానీ ఇంత నెట్టుడుకు అది తట్టుకోవాలంటే మందం పెరగాలి, పదేపదే లాగుడు పడితే ప్లాస్టిక్ మెల్లగా సాగుతుంది, వేడినీళ్ళకు ఇంకొంచెం మెత్తబడుతుంది. స్టీలు పలచగానే గట్టిగా నిలబడుతుంది. మీ డ్రమ్ములోకి చెయ్యి పెట్టి తడిమి చూడండి. గోడ నున్నగా ఉండదు. ముత్యాల్లాగానో దిండు ముక్కల్లాగానో ఉబ్బెత్తులు తగులుతాయి. అవి అందానికి కాదు. పలచటి రేకును అలా వంపులు తిప్పితే దాని బిగువు పెరుగుతుంది, గోదాము కప్పు రేకులకు అలలు తీసినట్టే. చిల్లుల అంచులు చూడండి, బయటివైపుకు మడిచి ఉంటాయి. లోపల బట్టకు అంచు తగలదు. రేకుకు చిల్లులు పొడిచి, గుండ్రంగా చుట్టి, రెండు అంచులనూ మడత వేసి బిగించడమో వెల్డు చేయడమో చేస్తారు. ఆ నిలువు అతుకు దగ్గర ఒక్కసారి వేలు ఆపండి. కొన్నేళ్ళు వాడిన డ్రమ్ములో గోధుమరంగు చుక్క ఎప్పుడైనా కనిపిస్తే ముందు అక్కడే కనిపించవచ్చు. వెల్డు వేడికి స్టీలులోని కర్బనం పక్కనున్న క్రోమియాన్ని లాగేసుకుంటుంది. ఆ గీత పొడవునా పొర కట్టడానికి సరుకు తక్కువవుతుంది. మంచి రకాల్లో దీనికి విరుగుడుగా కొంచెం టైటానియం కలుపుతారు. కర్బనం దానితో పోయి కూడుతుంది, క్రోమియం జోలికి రాదు.

క్రోమియం ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా ఒక్కమాట. దేశంలో క్రోమైటు ఖనిజం దాదాపు అంతా ఒడిశాలోని సుకింద లోయలో ఉంది. మన వైపు కొండపల్లి కొండల్లో కొంత ఉంది గానీ లెక్కలోకి వచ్చేంత కాదు. విజయనగరం జిల్లా కొత్తవలసలో జిందాల్ స్టెయిన్‌లెస్ వాళ్ళు ఆ ఖనిజం నుంచే ఫెర్రోక్రోమ్ తీసేవారు. ఇక మెషిన్ల సంగతికొస్తే, తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2025 మేలో ఎల్‌జీ కొత్త కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. ఏడాదికి 8.5 లక్షల వాషింగ్ మెషిన్లు అక్కడ తయారవుతాయన్నది వాళ్ళ లెక్క. రేపు మన రాష్ట్రంలోనే తయారయ్యే మెషిను మన నీళ్ళకు తగ్గట్టు ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను.

ఎందుకంటే మన నీళ్ళు మామూలు నీళ్ళు కావు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక నరసాపురం కాలువ గుండా పాలకొల్లుకు వచ్చిన గోదావరి నీళ్ళు మెత్తని నీళ్ళు. వేళ్ళకు సబ్బు రాసుకుంటే చాలు, నురగ వస్తుంది. కానీ వేసవి వస్తే కాలువలు కట్టేస్తారు. చెరువులో నిలవచేసిన మున్సిపాలిటీ నీళ్ళు పొదుపుగా వదులుతారు. అప్పుడు ఇళ్ళల్లో మోటారు వేసి బోరు నీళ్ళు పైట్యాంకుకు ఎక్కిస్తారు. నరసాపురం దాటితే సముద్రమే, చుట్టూ చూస్తే చేపల చెరువులు, రొయ్యల చెరువులు. చాలాచోట్ల బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పన. బకెట్టు అడుగున తెల్లటి పొక్కు. మన గచ్చు మీదా కుళాయి మూతి మీదా కనిపించే ఆ ఉప్పులు డ్రమ్ము మీదికి కూడా చేరతాయి.

ఉప్పులోని క్లోరైడు స్టెయిన్‌లెస్ స్టీలుకు అసలు శత్రువు. ఆ రెండు కాగితాల పొరలో ఎక్కడో బలహీనంగా ఉన్న ఒక్క చుక్క దగ్గర అది దూరుతుంది. అక్కడ లోహం కరగడం మొదలవుతుంది. సూదిమొనంత గుంట పడుతుంది. గుంట లోపల ఉన్న కాస్త నీటిలో ఆక్సిజన్ అయిపోతుంది, బయటి నుంచి కొత్తది అందదు. ఆక్సిజన్ లేకపోతే మీగడ కట్టదు. కరిగిన లోహం మరిన్ని క్లోరైడులను లోపలికి లాక్కుంటుంది, గుంటలో నీరు ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం ఇంకొంత లోహాన్ని కరిగిస్తుంది. ఒకసారి పట్టాలెక్కిందంటే తనను తానే లాగుకుపోయే బండి అది. చుట్టూ స్టీలు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, ఒక్కచోట మాత్రం లోపలికి తొలుచుకుపోతుంది.

తాగే నీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు క్లోరైడు ఉంటే మంచిదని, మరో దారి లేనప్పుడు 1000 వరకు ఓర్చుకోవచ్చని మన భారత ప్రమాణం చెబుతుంది. ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండే 304 రకం స్టీలు తొట్టికి ఇంజనీర్లు మామూలుగా పెట్టుకునే హద్దు 200. మనిషి తట్టుకునే నీళ్ళు కొన్నింటిని స్టీలు తట్టుకోలేదని దీని అర్థం. డ్రమ్ము ఒడ్డున పడుతున్నదల్లా అందులో నీళ్ళు ఎల్లకాలం నిలవకపోవడం వల్లే. ఉతుకు అయ్యాక తలుపు మూసేసి, అడుగున చుక్కలు అలాగే మిగిల్చేశామనుకోండి. ఆ చుక్క పదో వంతుకు ఆవిరైతే దానిలో ఉప్పు పదింతలవుతుంది. 200 కాస్తా 2000 అవుతుంది. పైన గాలి లేదు. ఇక పిన్నీసో ఇనుప హుక్కో ఆ తడిలో పడి తుప్పు పట్టిందంటే, ఆ తుప్పు కుప్ప కింద ఆక్సిజన్ చొరదు, గుంటకు కావలసిన చోటు తయారుగా దొరుకుతుంది. స్టెయిన్‌లెస్ అనే పేరు వినగానే మనం దాన్ని ప్రాణంలేని రాయిలా చూస్తాం. అది గాలి పీల్చే లోహం. ఊపిరి ఆడకపోతే దానికీ జబ్బు చేస్తుంది.

తెల్లబట్టలకని బ్లీచింగు పొడి నీళ్ళు డ్రమ్ములో పోసి, వేడినీళ్ళ మీట నొక్కే అలవాటు కొందరికి ఉంది. ఉప్పు, క్లోరిన్, వేడి మూడూ ఒకేసారి వదిలినట్టు. దయచేసి ఆ పని మానండి.

ఇప్పుడు నా మెషిను సంగతి. దాని డ్రమ్ముకు ఏమీ కాలేదు. పిండేటప్పుడు దడదడమని ఇల్లంతా కదిలిపోయే చప్పుడు చేస్తుంటే బేరింగు పోయిందనుకుని తీసుకెళ్ళాను. మెకానిక్కు డ్రమ్మును బోర్లించి దాని వీపు చూపించాడు. డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచే మూడు చేతుల లోహపు దిమ్మ ఒకటి ఉంటుంది. కొట్టుల్లో దాన్ని స్పైడర్ అంటారు. మూడు చేతుల్లో ఒకటి మొదట్లో విరిగి వేలాడుతోంది. మిగతా రెండూ చెద పట్టిన దూలాల్లా బొరియలు పడి ఉన్నాయి. గోరుతో గీస్తే సున్నం లాంటి తెల్లపొడి రాలింది.

"స్టీలు గట్టిదేనండి. దీన్నే తినేసిందండి" అన్నాడు. "బోరు నీళ్ళ ఇళ్ళల్లోవి ఇలాగే వస్తాయండి."

ఏది తినేసిందని అడిగితే అతను డ్రమ్ము వైపు చూపించాడు. చదువుకున్న రసాయనశాస్త్రం మొత్తం ఆ చూపులో ఉంది. స్పైడర్ అల్యూమినియం పోత. తేలిక, చవక, పోత పోయడం సులువు. దాన్ని స్టీలు డ్రమ్ముకు బోల్టులతో బిగిస్తారు. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీటిలో తడిసి ఉంటే అదొక బ్యాటరీ. టార్చిలైటు సెల్లులో జింకు డబ్బా ఎలా కరిగిపోతుందో ఇక్కడ అల్యూమినియం అలా కరిగిపోతుంది. పొర కప్పుకున్న స్టీలు బతుకుతుంది. నీటిలో ఉప్పు ఎక్కువైన కొద్దీ కరెంటు బాగా పారుతుంది, అల్యూమినియం త్వరగా పోతుంది.

అల్యూమినియానికి పొర లేక కాదు. దానికీ ఆక్సైడు పొర ఉంది. కానీ ఆ పొర నీటి పీహెచ్ సుమారు 8.5 దాటితే నిలవదు. బట్టల సబ్బు పొడి కలిపిన నీరు పదికి అటూ ఇటూ ఉంటుంది. తయారీదారులకు ఈ సంగతి తెలుసు, అందుకే చాలా సబ్బు పొడుల్లో సోడియం సిలికేటు కలుపుతారు. మురికి వదిలించడంతో పాటు మెషినులోని లోహాలకు అది కొంత కాపు కూడా. అయినా స్పైడర్ చేతుల మధ్య గూళ్ళు ఉంటాయి. వాటిలో కరగని సబ్బు, బట్టల నూగు, సున్నం కలిసి జిగురై కూర్చుంటాయి. ఎంత ఝాడించినా పోదు. తలుపు మూసి ఉంచితే ఆ జిగురు మరుసటి ఉతుకు దాకా తడిగానే ఉంటుంది. వారానికి నాలుగు గంటలు తిరిగే యంత్రంలో తుప్పు మాత్రం వారమంతా పనిచేస్తుంది.

మోటారుకు పదేళ్ళ గ్యారంటీ అని మెషిను నెత్తిన అంటించే చీటీలు చాలా చూశాను. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ డ్రమ్ అని పెద్ద అక్షరాల చీటీలూ చూశాను. స్పైడర్ దేనితో చేశారో చెప్పిన చీటీ ఇంతవరకూ నా కంట పడలేదు. మెషిను ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది నిజానికి దాన్ని బట్టే ఉంది. దాన్ని కూడా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయవచ్చు. లేదా అల్యూమినియానికి గట్టి పూత వేయవచ్చు, రెండు లోహాలూ తగలకుండా మధ్యలో తొడుగు పెట్టవచ్చు, జిగురు నిలవని తీరున గూళ్ళు తీసేయవచ్చు. ఇవేవీ అసాధ్యాలు కావు. జర్మనీ మీలే కంపెనీ బయటి తొట్టిని సైతం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసి, ఇరవై ఏళ్ళ వాడకానికి సరిపడా పరీక్షిస్తామని చెప్పుకుంటుంది. ఆ ధర మనవాళ్ళు పెట్టలేరు, నిజమే. కానీ ఉప్పునీటి ఊళ్ళకు అమ్మే మెషినులో ఒక్క మూడు చేతుల దిమ్మను మార్చడానికి అంత ధర అక్కర్లేదు.

మా అమ్మమ్మ కాలువ రేవులో ఉతికేది. రజకుల బండలు కాస్త దిగువన ఉండేవి, చౌడు మట్టి పెట్టి బానలో ఉడకబెట్టిన దుప్పట్లు అక్కడ బాదేవారు. సబ్బు, మురికి, చౌడు అన్నీ పారే నీటితో వెళ్ళిపోయేవి. మెషిను అలా కాదు. ఓ నాలుగైదు బకెట్ల నీళ్ళను గదిలో పెట్టి తాళం వేసినట్టు. పారుదల లేనిచోట పారుదల మనమే కల్పించాలి. అందుకే ఆ మెకానిక్కు చెప్పిన మాటలు మా ఇంట్లో ఇప్పుడు తు.చ. తప్పకుండా నడుస్తున్నాయి. ఉతుకు అయ్యాక తలుపూ సబ్బు సొరుగూ రెండూ తెరిచే ఉంటాయి. సబ్బు పొడి చెంచాతో కొలిచే వేస్తాం, నురగ కోసం గుప్పెళ్ళు వేయం. నెలకొకసారి బట్టలు లేకుండా వేడినీళ్ళతో ఒక దఫా తిప్పి, ఆ మురుగు పోయేదాకా చూస్తాం. బోరు నీళ్ళతో తప్పదనుకున్న రోజున చివరి జాడింపుకు మాత్రం కుళాయి నీళ్ళు తిప్పుతాం. జేబులు తడమడం పిల్లల వంతు. రూపాయి దొరికితే వాళ్ళదే. పిన్నీసు దొరికితే అంతకంటే విలువ.

స్పైడర్ మార్చుకుని వస్తుంటే దారిలో కొబ్బరికాయల కళ్ళం ఒకటి తగిలింది. డొక్కల గుట్టల మధ్య ముగ్గురు కూలీలు టీ కాచుకుంటున్నారు. పొయ్యి ఏమిటా అని చూస్తే, ఎవరో తుక్కుకు అమ్మేసిన వాషింగ్ మెషిను డ్రమ్ము. కింద డొక్కలు మండుతున్నాయి, చిల్లుల్లోంచి గాలి బాగా ఆడుతోంది, పైన గిన్నె. దగ్గరకెళ్ళి కూర్చున్నాను. మంట తగలని పై అంచు మామూలు స్టీలు తెలుపు. కాస్త కిందికి గడ్డిపసుపు, ఆ కింద రాగిరంగు, తరవాత వంగపండు రంగు, మంట నాలుకలు తాకేచోట నెమలిపింఛం నీలం. ఎవరూ పూసిన రంగు కాదది. వేడికి ఆ క్రోమియం పొర పదింతలు, ఇరవై ఇంతలు మందం పెరిగితే వెలుగు దాని పైనుంచీ అడుగునుంచీ వెనక్కి వచ్చి కలిసి అలా రంగులు తేలుతాయి, నీళ్ళ మీద నూనెచుక్క పరుచుకున్నప్పటిలాగే. ఎన్నో ఏళ్ళు ఎవరి బట్టలో ఉతుకుతూ ఒక్కరికీ కనబడని చర్మం అది.

"ఏంటండి బాబూ అలా చూత్తున్నారు?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన, నాకో గ్లాసు అందిస్తూ. గ్లాసు కూడా స్టీలే. టీ తాగుతూ ఆ నీలిగీత ఎంతవరకు పాకిందో చూపించాను. ఆయన వంగి, చేత్తో మంటను అడ్డుకుని, చాలాసేపు చూశాడు.